నడినెత్తిన ఉపగ్రహం, పలక మీద నెత్తళ్ళు

యాంటెన్నాల పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఈమధ్య నెల్లూరులో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, "మేడం, మీ అనుభవంతో మాకు నాలుగు మాటలు చెప్పండి" అంటున్నారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నా నాలుగు మాటలు ఎవరికీ అక్కర్లేకపోయాయి. రిటైరవగానే వాటికి ఇంత గిరాకీ రావడం చూస్తే, ఇంకాస్త ముందే రిటైరవ్వాల్సింది అనిపిస్తోంది.

వచ్చినవాళ్ళందరికీ టీ పెట్టి మొదటినుంచీ చెప్పే ఓపిక లేక ఇలా రాసిపెడుతున్నాను. నాకు ఏ ఏడు ఏ ప్రమోషన్ వచ్చిందో ఇందులో ఉండదు. అది మా ఆయనకే గుర్తు లేదు, మీకెందుకు? నేను చేసిన పని ఏమిటో, అందులో ఏది నేర్చుకున్నానో అదే చెబుతాను. ఎక్కువగా ఒక్క పలక గురించే చెబుతాను, ఎందుకంటే నాకు బుద్ధి వచ్చింది దానివల్లే.

గొడుగు కాదు, పలక

తడ దగ్గర ఒక చిన్న కంపెనీలో నా ఉద్యోగం. ఉపగ్రహం నుంచి వచ్చే సిగ్నల్‌ను పట్టుకునే బల్లపరుపు యాంటెన్నాలు తయారుచేసేవాళ్ళం. చుట్టాల పెళ్ళికి వెళితే చాలు, ఎవరో ఒక పెద్దాయన "అమ్మాయి కరుణ గొడుగులు చేస్తుంది" అని పక్కాయనకు పరిచయం చేసేవాడు. పక్కాయన నన్ను ఎగాదిగా చూసి, "వానాకాలం వ్యాపారం బాగుంటుందేమో" అనేవాడు. చర్చిలో మా పాస్టరు గారైతే మేడ మీద టీవీ గొడుగు గాలికి తిరిగిపోయిందని నన్నే పిలిపించారు. వెళ్ళి తిప్పి వచ్చాను. ఇన్నేళ్ళ సర్వీసులో నేను చేసిన పనికి కళ్ళెదుట ఫలితం కనపడటం, ఒక మనిషి సంతోషపడటం బహుశా ఆ ఒక్కసారే.

గొడుగు పని తేలిక. గుంటగా ఉంటుంది కాబట్టి పడిన సిగ్నల్ అంతా జారి ఒకచోట చేరుతుంది. పలకకు గుంట లేదు. దాని లోపల చిన్న చిన్న రాగి బిళ్ళలు వరసగా పరిచి ఉంటాయి. ఒక్కో బిళ్ళ పట్టేది పిసరంత. ఆ పిసరంతలన్నీ ఒక్క లయలో కలిస్తేనే పనికొచ్చే సిగ్నల్ అవుతుంది. మన ఒడ్డున అలివి వల లాగేటప్పుడు చూశారు కదా, అందరూ ఒకేసారి "హైలెస్సా" అంటేనే వల కదులుతుంది. ఒకడు ముందు, ఒకడు వెనక లాగితే తాడు తప్ప ఏమీ రాదు. నా జీవితమంతా ఆ రాగి బిళ్ళల చేత ఒకేసారి హైలెస్సా అనిపించడంతోనే సరిపోయింది. మనుషుల చేత అనిపించడం అంతకంటే కష్టమని తర్వాత తెలిసింది.

ఇంకొక్క విషయం గుర్తు పెట్టుకోండి. తడి ఈ సిగ్నల్‌కు గోడ లాంటిది. పలక మీద పల్చగా నీళ్ళు నిలిచినా లోపలి బిళ్ళలకు చెవుడు వస్తుంది. ఈ కథంతా ఈ ఒక్క ముక్క చుట్టే తిరుగుతుంది.

విమానంలో వచ్చిన ఆలోచన

మా ఎండీ గారు చెడ్డ మనిషి కాదు. జీతాలు వేళకు ఇచ్చేవారు, మా పేర్లు తప్పు లేకుండా పలికేవారు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే. ఏ దేశంలో ఎగ్జిబిషన్ జరిగినా వెళ్ళేవారు, వెళ్ళి ఊరికే రారు, ఒక ఆలోచనతో వచ్చేవారు. ఆ వారమంతా మాకు నిద్ర ఉండేది కాదు.

ఒకసారి అలా చలిదేశం ఒకదానికి వెళ్ళి, చేతిలో ఒక రంగుల కాగితంతో దిగారు. అందులో ఒక ఇంటి గోడకు కిటికీ తలుపులాగా నాజూకైన పలక అతికి ఉంది. "కరుణగారూ, చూడండి. ఎంత ఫ్లాట్‌గా ఉందో! మనం కూడా ఇదే చేస్తున్నాం. తుఫాను హెచ్చరికలు అందుకునే సెట్లు తీరం పొడవునా పెట్టే ఆర్డరు మనకే వస్తుంది. ఈ ఫ్లాట్‌నెస్ చూసే ఇస్తారు" అన్నారు.

ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. పలక పుట్టకముందే దాని పేరులో ఫ్లాట్ అనే మాట చేరిపోయింది, బొమ్మలు అచ్చుకు వెళ్ళిపోయాయి.

నేను మెల్లగా చెప్పాను. ఆ చలిదేశంలో ఉపగ్రహం ఆకాశం అంచున, కిందికి కనపడుతుంది. అందుకని అక్కడి పలక గోడకు నిలబడి దాన్ని చూస్తుంది. వాన పడితే నీళ్ళు జారిపోతాయి. మన నెల్లూరుకు ఉపగ్రహం ఇంచుమించు నడినెత్తిన ఉంటుంది. ఇక్కడ పలక నిలబడితే దానికి కనపడేది ఎదురింటి మేడ. ఆకాశం చూడాలంటే వెల్లకిలా పడుకోవాలి. వెల్లకిలా పడుకున్న దేని మీదైనా నీళ్ళు నిలుస్తాయి.

ఆయన అంతా విని, "సముద్రం పక్కన నీళ్ళు ఉండవా మరి?" అన్నారు. అక్కడితో చర్చ ముగిసింది.

కనీసం కొంచెం వాలు పెట్టి పడుకోబెడదామన్నాను. ఫోటోలో ఎత్తుగా కనపడుతుందన్నారు. సరే అని, చూపును లోపలి తీగల్లోనే కాస్త వంచి, పలకను మాత్రం నేలకు సమంగా పడుకోబెట్టాం. ఆ పని నేనే చేశాను, బాగా చేశాను. అడ్డదిడ్డమైన కోరికను చక్కగా తీర్చడం మన వృత్తిలో గొప్ప నైపుణ్యం. మీకూ తొందర్లోనే అలవడుతుంది.

మా మెకానికల్ డిజైనర్ ఖాదర్ బాషా నాయుడుపేట మనిషి. మాట తక్కువ, పెన్సిలు ఎక్కువ. నేను ఎండీ గదిలోంచి మొహం వేలాడేసుకుని రాగానే అతను ఒక బొమ్మ గీసి చూపించాడు. పలక అలాగే ఉంటుంది, దాని మీద నాలుగు వైపులా వాలున్న మూత, పూరింటి కప్పులాగా. నీళ్ళు నిలవవు, ఉప్పు పేరుకోదు, సిగ్నల్‌కు అడ్డం లేదు. ఇద్దరం కలిసి నమూనా చేసి, ఎండీ గారి బల్ల మీద పెట్టాం.

ఆయన దాని చుట్టూ తిరిగి చూశారు. "ఇది బోర్లించిన చాటలాగా ఉంది. దీన్ని ఫ్లాట్ అని ఎట్లా అమ్మను?" అన్నారు. ఆ మూత ఖాదర్ బీరువా మీదికి చేరింది. కొన్నాళ్ళకు అతని టిఫిన్ బాక్సు దాని నీడలో ఉండేది.

ఎండలో పాసైన పరీక్ష

కొనేవాళ్ళు చూడటానికి వస్తామన్నారు. ఎండీ గారు మార్చి నెల ఖాయం చేశారు. మా ఫ్యాక్టరీ మేడ మీద కాకి కూడా వాలని ఎండ. పలకను పొద్దున్నే మెత్తటి గుడ్డతో తుడిచి, పైన శాలువా కప్పి ఉంచారు. పెద్దలు రాగానే శాలువా తీశారు. సిగ్నల్ గంటలాగా వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టి, ఆ శాలువానే వచ్చిన పెద్దాయనకు కప్పి, భోజనానికి వెళ్ళిపోయారు.

వాన కోసం పెట్టిన వస్తువును ఎండలో పరీక్ష పెట్టడం ఏమిటని నేను అడిగితే, "వానలో అయితే వాళ్ళు తడుస్తారు కదా" అన్నారు ఎండీ గారు. న్యాయమే. మనుషులు తడవకూడదు. పలక తడిస్తే తర్వాత సంగతి.

మీరు ఎక్కడ పనిచేసినా పరీక్ష ఏ నెలలో పెట్టారో ముందు అడగండి. దాన్నిబట్టి ఆ కంపెనీ సంగతి సగం తెలిసిపోతుంది.

నెత్తళ్ళు

మొదటి సెట్టు బోగోలు వైపు ఒక పాలెంలో పెట్టాం. అందరూ వేటకు పోయేవాళ్ళే. ఊరి చివర తుఫాను షెల్టరు, దాని మేడ మీద మా పలక. కింద గదిలో పెట్టె. ఉపగ్రహం నుంచి హెచ్చరిక అందగానే సైరన్ మోగుతుంది, మేడ మీద ఎర్ర లైటు గిర్రున తిరుగుతుంది. సముద్రంలో ఉన్న పడవకు సైరన్ వినపడకపోయినా లైటు కనపడుతుంది. అది చూసి ఒడ్డుకు వచ్చేయాలి. ఆ ఊళ్ళో సెల్ టవరు ఉంది కానీ, గాలి కాస్త గట్టిగా వీచిందంటే అందరికంటే ముందు పడుకునేది అదే. అందుకే మా పెట్టె.

పదిహేను రోజుల తర్వాత ఎలా ఉందో చూద్దామని నేనూ ఖాదరూ వెళ్ళాం. మేడ ఎక్కితే పలక కనపడలేదు. దాని మీద నెత్తళ్ళు, వేలెడంత చేపలు, పరిచి ఉన్నాయి, ముగ్గు వేసినంత పద్ధతిగా. పక్కన పోలమ్మ అనే ఆమె కూర్చుని కాకుల్ని తోలుతోంది. ఆమె భర్త శీనయ్యకు సొంత ఫైబరు పడవ ఉంది. ఆయన తెచ్చిన చేపను ఎండబెట్టి కావలి సంతలో అమ్ముకునేది ఆమే.

నన్ను చూడగానే మొహం విప్పారింది. "ఎంత బాగా చేసినారు మేడం ఈ పలకని! నేల మీదైతే ఇసక అంటతాది. దీని మీద ఒక్క ఎండకే గలగలమంటా ఉండాయి. అందరికీ సరిపోవటంలా, ఇంకో నాలుగు పంపించండి."

ఖాదర్ నా వైపు తిరిగి, "అక్కా, ఇన్నేళ్ళలో మన వస్తువు బాగుందని వాడుకునేవాళ్ళు చెప్పడం ఇదే మొదలు" అన్నాడు.

పోలమ్మను తప్పు పట్టడానికి ఏముంది? సముద్రం ఒడ్డున, నడుమెత్తులో, నున్నగా, ఆకాశం కేసి చూస్తున్న బల్ల పెడితే దాని మీద చేపలు ఆరబెట్టకుండా ఉండటానికి వాళ్ళేమైనా సన్యాసులా? బల్లలాగా చేస్తే బల్లలాగానే వాడతారు. నేను కూర్చుని ఆమెకు సంగతంతా చెప్పాను. పచ్చి చేప తడి అని, తడి ఉంటే సైరన్ మోగదని, మోగకపోతే శీనయ్యకు కబురు అందదని. ఆమె చివరి మాట వరకూ విని, నెత్తళ్ళన్నీ చాటలోకి ఎత్తేసింది.

దురాయి

ఈ సంగతి విని ఎండీ గారు స్వయంగా పాలెం వచ్చారు. పెద్దకాపు గోవిందయ్య గారు కుర్చీ వేసి, కొబ్బరినీళ్ళు ఇప్పించారు. పెద్దకాపు అంటే ఆ పాలేనికి పెద్ద. ఎండీ గారు నీళ్ళు తాగి, వేలెత్తి మరీ చెప్పారు: "చూడండి, అది చాలా ఖరీదైన వస్తువు. దాన్ని ఎవ్వరూ ముట్టుకోకూడదు. ఎవ్వరూ అంటే ఎవ్వరూ."

"సరే సార్. దురాయి పెడతాం" అన్నారు గోవిందయ్య గారు.

ఆ తీరంలో కాపులంతా, అంటే ఊరి పెద్దలంతా, కూర్చుని, ఫలానా పని చేయకూడదని కట్టుబాటు పెడితే దాన్ని దురాయి అంటారు. పెట్టాక ఇక చిన్నా పెద్దా లేదు. దాటినవాడు ఊరి ముందు చేతులు కట్టుకు నిలబడి తప్పు, అంటే జరిమానా, కట్టాలి. ఆ సాయంత్రమే ఊరంతటికీ చాటించారు. పలకను ఎవరూ ముట్టకూడదు.

ఎండీ గారు కారులో తిరిగి వస్తూ, "చూశారా, చెప్పే పద్ధతిలో చెప్పాలి" అన్నారు నాతో. ఆఫీసులో ఆయన చెప్పిన మాట ఎవరూ వినేవారు కాదు. పొద్దున తొమ్మిదికి రమ్మంటే పదికి వచ్చేవాళ్ళం. చివరికి ఆయన మాటను అక్షరం పొల్లుపోకుండా పాటించే మనుషులు ఆయనకు ఆ పాలెంలో దొరికారు. అక్కడే వచ్చింది చిక్కంతా.

కింద పెట్టెకు ఒక చిన్న దీపం ఉండేది. సిగ్నల్ అందుతుంటే పచ్చగా, అందకపోతే ఎర్రగా వెలుగుతుంది. ఎండీ గారు ఆ పెట్టె ఉన్న గదికి తాళం వేయించి, తాళంచెవి తడ ఆఫీసుకు తెప్పించుకున్నారు, భద్రంగా ఉంటుందని. దీపం ఏ రంగులో వెలుగుతోందో దానికి ఒక్కదానికే తెలుసు. నెలనెలా వెళ్ళి చూస్తానంటే, "ఫిర్యాదు ఏమన్నా వచ్చిందా? రాలేదు కదా. దండగ ప్రయాణం ఎందుకు?" అన్నారు. మోగాల్సిన అవసరమే ఇంకా రాని సైరన్ మీద ఎవరు ఫిర్యాదు చేస్తారు?

ఆ మధ్యాహ్నం

కార్తీకమాసం వచ్చింది. మా తీరానికి వానలూ వాయుగుండాలూ వచ్చేది అప్పుడే. వేరే పని మీద నేనూ ఖాదరూ జీపులో కావలి బయలుదేరాం. నాయుడుపేటలో టీ తాగుతుంటే ఇద్దరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. సముద్రం అల్లకల్లోలంగా మారుతుందని, వేటకు వెళ్ళినవాళ్ళు వెంటనే ఒడ్డుకు చేరాలని హెచ్చరిక. గోవిందయ్య గారికి ఫోన్ చేశాను. కలవలేదు.

"టవరు పడుకునుంటాది అక్కా. మన సైరన్ ఉంది గదా, ఈపాటికి మోగే ఉంటాది" అన్నాడు ఖాదర్. నాకూ ధైర్యంగానే అనిపించింది. మన వస్తువు మీద మనకే నమ్మకం లేకపోతే ఎలా? దారిలో అన్నం కూడా తిన్నాం.

కావలికి ముందే పాలెం వైపు తిప్పాం, ఎలా మోగిందో విందామని. జీపు దిగేసరికి గాలి చెంపలు వాయిస్తోంది. పడవలు ఉండాల్సిన ఒడ్డు ఖాళీగా ఉంది. షెల్టరు మీద లైటు తిరగడం లేదు.

మెట్లెక్కి పైకి పరిగెత్తాను. పోలమ్మా ఇంకొందరు ఆడవాళ్ళూ ఎండుచేపల్ని గోతాల్లోకి ఎత్తుతున్నారు.

"సైరన్ మోగిందా పోలమ్మా?"

"యాడ మోగిందమ్మా? మోగుంటే మావోళ్ళు యాడికి పోతారు? తెల్లారే పోయినారు. ఇదేందో గాలి ఇట్టా తిరిగింది."

పలక దగ్గరికి వెళ్ళాను. ఉప్పు గట్టిగా పేరుకుని, పక్షుల రెట్టలతో, నడుమ కాస్త దిగబడి ఉంది. ఆ దిగబడినచోట వాననీళ్ళు మడుగు కట్టాయి. మేడంతా అద్దంలా ఊడ్చి ఉంది. పలక చుట్టూ జానెడు దూరం వరకూ చీపురు గీతలు కనపడుతున్నాయి. ఆ లోపల మాత్రం ఎవరి చెయ్యీ పడలేదు.

నాకు కోపం ఆగలేదు. "ఇంత మురికి పట్టిందే, ఒక్క గుడ్డ పెట్టి తుడవకూడదా?"

పోలమ్మ తెల్లబోయింది. "దురాయి ఉండాది గదమ్మా! మీ సారే గదా ముట్టొద్దనింది? కాకి వాలితే దూరంగా నిలబడి హుష్ అంటా ఉండా. చెయ్యి మాత్రం పెట్టలా."

నా దుపట్టా తీసి తుడవడం మొదలుపెట్టాను. ఖాదర్ చొక్కా విప్పాడు. నీళ్ళు తోడితే జల్లు మళ్ళీ నింపుతోంది. ఉప్పు రాయిలా ఉంది, గోకితే గానీ రావడం లేదు. ఆ పలక వెడల్పుకు రెండు జతల చేతులు ఏ మూలకు?

"నువ్వూ పట్టు పోలమ్మా! శీనయ్య సముద్రంలో ఉన్నాడు!"

"తెలుసమ్మా!" అంది. కళ్ళు సముద్రం మీదే ఉన్నాయి. "మీరు చెప్తే ఎట్టా? పెద్దకాపు చెప్పాల."

ఎవరో పరిగెత్తి గోవిందయ్య గారిని తీసుకొచ్చారు. ఆయాసపడుతూ మెట్లెక్కారు. నేను ఒక్క ముక్కలో చెప్పాను: ఇది తుడిస్తే లైటు వెలుగుతుంది. ఆయనకు వెంటనే అర్థమైంది. కానీ నిలబడిపోయారు. దురాయి పెట్టింది కాపులంతా కలిసి. తీయాలన్నా అంతా కలిసే తీయాలి. ఒక్కడు తీస్తే, ఆ ఒక్కడు పెద్దకాపే అయినా, తప్పే. మిగిలిన కాపులు ఎక్కడున్నారంటే, సముద్రంలో, పడవల మీద.

ఆయన ఒకసారి సముద్రం కేసి చూశారు. తువ్వాలు నడుముకు బిగించారు.

"నేను ఎత్తేస్తా ఉండా. తప్పు నేను కట్టుకుంటా. ఏం చూస్తారే, తుడవండి!"

అంతే. పదిమంది ఆడవాళ్ళు ఒక్కసారి వచ్చి పడ్డారు. కొంగులు, గోతాలు, చేతులు. పోలమ్మ చేప గీకే కత్తి మొద్దువైపుతో ఉప్పు గీకుతోంది, గట్టిగా ఏడుస్తోంది. ఖాదర్ మెట్లు దూకుతూ కిందికి వెళ్ళి, గది తాళం రాయితో పగలగొట్టి, పెట్టె ముందు నిలబడి అరుస్తున్నాడు: "ఎర్రగానే ఉంది... ఎర్రగానే... అక్కా, పచ్చ! పచ్చ!"

హెచ్చరికను పైనుంచి పదేపదే పంపుతూనే ఉంటారు. మరుసటిది అందింది. సైరన్ మోగింది, లైటు తిరిగింది. నేను చేసిన వస్తువు పనిచేయడం చూసి నాకు సంతోషం కలగలేదు. సిగ్గేసింది.

పడవలు ఒక్కొక్కటే మళ్ళాయి. అన్నీ చేరాయి, శీనయ్య పడవ ఆఖరున. అప్పటికి అలలు తాటిచెట్టంత లేస్తున్నాయి. ఒడ్డు దగ్గర పడవ తిరగబడి రెండు ముక్కలైంది. ఊరంతా తాళ్ళేసుకుని నీళ్ళలోకి దిగి మనుషుల్ని లాగారు. శీనయ్యకు భుజం దగ్గర ఎముక విరిగింది. ఇంజనూ వలలూ పోయాయి.

ఆసుపత్రికి మా జీపులోనే తీసుకెళ్ళాం. దారిపొడవునా పోలమ్మ శీనయ్య తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దిగేటప్పుడు, "ఇంకొంచెం ముందు మోగుంటే పడవ దక్కేది గదమ్మా" అంది. దెప్పుతున్నట్టు లేదు, ఉన్నమాట అడిగినట్టే ఉంది.

ఎవరు తప్పు కట్టారు

మర్నాడు ఎండీ గారి గదిలో మీటింగు. "వాడేవాళ్ళు శుభ్రం చేసుకోలేదని రాసేయండి" అన్నారు.

"ముట్టొద్దని చెప్పింది మీరు సార్."

"పాడు చెయ్యొద్దనే అర్థంలో చెప్పాను. కామన్ సెన్స్ ఉండాలి కదా!"

"ఆ మూత వేసి ఉంటే కామన్ సెన్స్‌తో పనే ఉండేది కాదు సార్" అన్నాడు ఖాదర్. ఎండీ గారి ఎదుట అతని నోట అంత పెద్ద వాక్యం వినడం అదే మొదటిసారి. మేమిద్దరం ఆ రాతకు సంతకం చేయలేదు. ఎండీ గారు వేరేవాళ్ళ చేత పెట్టించారు. మన వృత్తిలో సంతకాలకు కరువు రాదు.

పాలెంలో కూడా మీటింగు జరిగింది. నేను వెళ్ళాను. గోవిందయ్య గారు అందరి ముందూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఒక్కడే దురాయి ఎత్తేసినందుకు తప్పు కట్టారు. ఆయన ఎత్తేయబట్టి ప్రాణాలతో వచ్చిన కాపులే కూర్చుని ఆ తప్పు వేశారు. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు కూడా. అయినా వేశారు. ఆయనా కట్టారు. పక్కనే నిలబడి అది చూసిన నాకు మా ఆఫీసు గుర్తొచ్చింది. అక్కడ ఎవరూ ఏదీ కట్టలేదు.

తర్వాత కాపులు కొత్త దురాయి పెట్టారు. నీళ్ళు నిలిచే పలక తమ ఒడ్డు మీద ఉండకూడదు. అప్పటికప్పుడు నలుగురు మేడెక్కి, పలకను గీత పడకుండా దించి, మా జీపు వెనక పరుపు వేసి మరీ పడుకోబెట్టారు. పక్క పాలేలకు కబురు వెళ్ళింది. తీరం పొడవునా ఒక్కరూ ఆ పలకను మేడ ఎక్కనివ్వలేదు. కొనేవాళ్ళు సంగతేమిటని ఎండీ గారిని నిలదీశారు.

ఇన్నేళ్ళు నేను లెక్కలు కట్టి, బొమ్మలు గీసి, బతిమాలి, కొట్లాడి సాధించలేనిది ఇసకలో కూర్చున్న ఆ కాపులు ఒక్క పూటలో సాధించారు. వారం తిరక్కుండా ఖాదర్ బీరువా మీది మూత కిందికి దిగింది. టిఫిన్ బాక్సుకు వేరే చోటు చూసుకున్నాడు. ఎండీ గారు మూత చుట్టూ మళ్ళీ తిరిగి, "దీన్ని కొత్త తరం ఫ్లాట్ అందాం" అన్నారు. ఆ పేరుతోనే అమ్ముడుపోతోంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

పాలెం మేడ మీద కొత్తది మేమే దగ్గరుండి పెట్టాం. రంగుల దీపాన్ని గదిలోంచి తీసి వీధి వైపు గోడకు పెట్టించాం, తాళంచెవి గోవిందయ్య గారి చేతికిచ్చాం. పోలమ్మ ఒక గుప్పెడు నెత్తళ్ళు తెచ్చి మూత మీద పోసి చూసింది. అన్నీ జారి కింద పడ్డాయి.

"దీని మీద నిలబడవు" అంది.

"అందుకే" అన్నాను.

ఈసారి దురాయి కూడా వేరు. వంతుల వారీగా ప్రతి ఇల్లూ దాన్ని తుడవాలి. తుడవకపోతే తప్పు.

వీడ్కోలు సభ

నా రిటైర్మెంటుకు క్యాంటీనులో సభ పెట్టారు. అప్పటికి మళ్ళీ వానలకాలం. ఎండీ గారు మైకు పట్టుకుని, ఫ్లాట్ అనే ఆలోచన మొదట కరుణగారిదేనని, మూత విషయంలో తానే ఆమెను వెన్నుతట్టి ప్రోత్సహించానని చెబుతున్నారు. ఖాదర్ తల వంచుకుని లడ్డూ తింటున్నాడు. నాకు కప్పిన శాలువా ఎక్కడో చూసినట్టే ఉంది.

నా ఫోన్ మోగింది. పోలమ్మ. కట్ చేయబుద్ధి కాలేదు. ఎత్తితే మొదట మాట వినపడలేదు. సైరన్ వినపడింది. దాని మీదుగా ఆమె అరుస్తోంది.

"వినపడతా ఉందా మేడం? ఇప్పుడే మొదలైంది! చినుకన్నా పడలా ఇంకా!"

"శీనయ్య ఎక్కడ?"

"ఈడే నా పక్కనే ఉండాడు. అప్పు చేసి పడవ కొన్నాం గదా, దాన్ని ఒడ్డు మీదికి లాగతా ఉండారు. పోలా, వేటకి ఎవురూ పోలా!"

ఫోన్ స్పీకరు ఎలా పెట్టాలో కూడా తోచలేదు. ఖాదర్ వచ్చి పెట్టాడు. క్యాంటీనంతా ఆ మోతతో నిండిపోయింది. నేను అందరి ముందూ ఏడ్చాను, ఏమాత్రం సిగ్గుపడలేదు.

ఎండీ గారు మైకు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. సైరన్ ఆగాక, ప్రసంగంలో ఎక్కడున్నదీ ఆయనకు గుర్తు రాలేదు. మాలో ఎవరమూ అందించలేదు.